మనుషులందరిదీ ఒకే మూలమా? మా చెల్లెలి కాన్పు రాత్రి నుంచి చెబుతాను

అడిగిన ప్రశ్న ఇది: "మనుషులందరూ ఒకే మూలం నుంచి వచ్చినవాళ్ళేనా? అలాగైతే ఇన్ని రంగులు, ఇన్ని కులాలు ఎలా వచ్చాయి?"

మొదటి ముక్కకు నా జవాబు అవును. ఇందులో నాకు రవ్వంత అనుమానం కూడా లేదు. రెండో ముక్క గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దాని వల్ల మా చెల్లెలి ప్రాణం పోయేంత పని అయింది.

మాది బనగానపల్లె. బట్టల కొట్టు నడుపుతాను. బైపీసీ ఇంటర్‌తో చదువు ఆగింది. ఈ విషయం మీద మాత్రం ఇన్నేళ్ళుగా దొరికిందల్లా చదువుతున్నాను, తెలిసిన డాక్టర్లందరినీ అడుగుతున్నాను.

2011 ఆగస్టు. చెల్లెలికి నెలలు నిండాయి. రాత్రి తొమ్మిదింటికి నొప్పులు మొదలైతే దగ్గర్లోని టౌనులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పదిన్నరకు డాక్టరమ్మ బయటికొచ్చి, బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గిపోతోంది, వెంటనే ఆపరేషన్ చేయాలి, నడుముకు సూది వేసే టైం కూడా లేదు, పూర్తి మత్తు ఇస్తాం అంది. మా బావగారు వణికే చేత్తో సంతకాలు పెట్టారు. నర్సు వచ్చి ఒంటి మీద బంగారం తీసేయమంది. గాజులు, కమ్మలు వచ్చేశాయి. ముక్కుపుడక రాలేదు. అది మా అమ్మమ్మ వాళ్ళమ్మది. ఏడు తెల్లరాళ్ళు, వెనక మర అరిగిపోయి ఒక పట్టాన తిరగదు. నర్సు తొందరపెడుతుంటే మా అమ్మ కొబ్బరినూనె చుక్క వేసి తిప్పీ తిప్పీ ఊడదీసి, కొంగున ముడేసుకుంది.

పావుగంటలో పాప ఏడుపు వినిపించింది. ఆయా వచ్చి "మహాలక్ష్మి పుట్టింది" అని చెప్పి వెళ్ళింది. కాసేపటికి మళ్ళీ ఆమే స్టీలు బేసిన్‌లో మాయ పట్టుకొచ్చి, "తీసుకుపోయి పాతిపెట్టుకుంటారా, మమ్మల్నే చూసుకోమంటారా?" అని అడిగింది. మాయను ఎక్కడపడితే అక్కడ పారేయకూడదని మా ఇంట్లో పట్టింపు. పాతిపెడతామని చెప్పింది అమ్మ. రెండు కవర్లలో కట్టి నా చేతికిచ్చారు. ఇంకా వెచ్చగా ఉంది.

దాన్ని పట్టుకుని వరండాలో నిలబడ్డాను. అరగంట అయింది, గంట అయింది. చెల్లెల్ని బయటికి తేలేదు. అడిగితే ఎవరూ సరిగా సమాధానం చెప్పలేదు. ఆపరేషన్ గది తలుపుకు చిన్న గుండ్రటి అద్దం ఉంటే అందులోంచి చూశాను. మత్తు డాక్టరు ఆమె తల దగ్గర నిలబడి నల్ల రబ్బరు బ్యాగు ఒకటి నొక్కుతున్నాడు. నొక్కినప్పుడు ఛాతీ లేస్తోంది, వదిలితే పడిపోతోంది. కాసేపయ్యాక ఆ బ్యాగు వార్డుబాయ్ చేతికిచ్చి ఆయన సెలైన్ చూస్తున్నాడు. ఆ అబ్బాయి ఊపిరి బిగబట్టి నొక్కుతున్నాడు. ఆ ఆసుపత్రిలో వెంటిలేటర్ లేదు. అంబులెన్సులో కర్నూలు తీసుకుపోదామంటే, దారిలో ఏమైనా జరిగితే చేయడానికి ఏమీ ఉండదు, ఇక్కడే చూస్తాం అన్నారు.

అప్పుడు మత్తు డాక్టరు బయటికొచ్చి మా అమ్మను అడిగాడు.

"అమ్మా, మీరు శెట్లా?"

"అవును నాయనా."

"మీరూ మీ ఆయనా ముందే చుట్టాలా?"

"ఆయన నాకు మేనమామ."

ఆయన గోడకు ఆనుకుని ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. "ముందే అడగాల్సిందమ్మా" అన్నాడు. ఆ మాట దాచకుండా మా ముందే అన్నందుకు ఆ మనిషి మీద నాకు ఇప్పటికీ గౌరవం ఉంది. అడగనందుకు కోపమూ ఉంది.

అసలు జరిగింది ఏమిటంటే, గొంతులో గొట్టం వేయడానికి కండరాలు వదులయ్యేలా సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు. మామూలుగా అయిదు పది నిమిషాల్లో రక్తంలోని ఒక ఎంజైము దాన్ని విరగ్గొట్టేస్తుంది. మనిషి మళ్ళీ తనంతట తానే ఊపిరి తీసుకుంటాడు. ఆ ఎంజైము సరిగా పనిచేయనివాళ్ళకు గంటల తరబడి కండరం కదలదు, ఊపిరితిత్తులు నడపడానికి వేరే ఎవరైనా ఉండాలి. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా ఆ ఎంజైము జన్యువు చెడ్డ ప్రతి వస్తేనే మనిషి ఈ స్థితికి వస్తాడు. ఈ లోపం మా ఆర్యవైశ్యుల్లో మిగతావాళ్ళ కంటే దాదాపు వంద రెట్లు ఎక్కువ అని 2017లో అచ్చయిన పరిశోధన చెప్పింది. అందుకే తెలిసిన మత్తు డాక్టర్లు ఆపరేషన్‌కు ముందు "మీరు వైశ్యులా?" అని అడుగుతారు. మమ్మల్ని ఎవరూ అడగలేదు.

తెల్లవారుజామున నాలుగున్నరకు చెల్లెలి కుడిచేతి వేళ్ళు కదిలాయి. అయిదింటికి సొంతంగా ఊపిరి తీసుకుంది. తర్వాత వారానికి ఇంట్లో కూర్చుని పాపకు పాలిస్తూ చెప్పింది. మధ్యలో తనకు మెలకువ వచ్చిందట. మాటలన్నీ వినపడుతున్నాయి, కనురెప్ప ఎత్తడానికి లేదు, వేలు కదపడానికి లేదు. వార్డుబాయ్ ప్రతి నొక్కుకూ మెల్లగా లెక్కపెట్టుకుంటున్నాడట, "ఒకటి... రెండు... మూడు..." అని. వందకు పోయి మళ్ళీ ఒకటి. "అన్నా, ఆ లెక్క ఆగితే నేను ఆగిపోతానని తెలుస్తూనే ఉంది" అంది. ఆ అబ్బాయిది దూదేకుల కుటుంబమని తర్వాత తెలిసింది.

నేను చదవడం ఆ తర్వాతే మొదలుపెట్టాను. మనుషుల మూలం కథ ఆ రాత్రి నా చేతిలో ఉన్న కవరులోంచే మొదలవుతుందని చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. 1987లో రెబెకా కాన్, మార్క్ స్టోన్‌కింగ్, ఆలన్ విల్సన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు 147 మంది డీఎన్ఏ చూశారు, ఇద్దరివి తప్ప అన్నీ మాయల నుంచి తీసినవే. ఆఫ్రికా, ఆసియా, యూరప్, ఆస్ట్రేలియా, న్యూగినీ మూలాలున్న తల్లుల మాయలవి. మనిషి కణంలో మైటోకాండ్రియా అని ఒకటి ఉంటుంది, దాని డీఎన్ఏ తల్లి నుంచి మాత్రమే బిడ్డకు వస్తుంది. ఆ మాయల్లోని డీఎన్ఏను పోల్చుకుంటూ వెనక్కి పోతే, అన్ని దారులూ సుమారు 2 లక్షల ఏళ్ళ కిందటి ఒకే స్త్రీ దగ్గర, ఆఫ్రికాలో కలిశాయి.

ఈ మాట చెబితే మా కొట్టుకు వచ్చేవాళ్ళలో సగం మంది "అంటే అప్పుడు లోకంలో ఒక్కతే ఆడది ఉందా?" అంటారు. కాదు. మా ముక్కుపుడకనే చూడండి. అది తల్లి నుంచి కూతురికే వెళుతుంది. అందరూ కొడుకులే పుట్టిన ఇంట్లో ఆ వరస అక్కడితో ఆగిపోతుంది. అంతమాత్రాన ఆ తల్లి వంశం లేకుండా పోయిందా? మనవళ్ళున్నారు, మునిమనవరాళ్ళున్నారు. ముక్కుపుడక మాత్రం వాళ్ళకు ఇంకొకరి వైపు నుంచి వచ్చింది. వేల తరాలు ఇలా గడిస్తే చివరికి అందరి ముక్కున ఉన్నదీ ఒక్క తల్లి ఇచ్చినదే అవుతుంది. ఆమె కాలంలో ఇంకా ఎంతోమంది ఆడవాళ్ళున్నారు. వాళ్ళ రక్తమూ మనలో ఉంది. మగవాళ్ళ వైపు ఇంటిపేరు సంగతీ అంతే, అక్కడ వై క్రోమోజోము తండ్రి నుంచి కొడుకుకు వెళుతుంది. ఆ దారీ ఆఫ్రికాలోనే తేలుతుంది.

కాబట్టి ఒకే మూలం అంటే ఒకే జంట కాదు. ఒకే జనం. ఎముకలూ అదే చెబుతున్నాయి. ఇథియోపియాలో ఓమో నది దగ్గర 1967లో దొరికిన పుర్రెల వయసు కనీసం 2,30,000 ఏళ్ళని 2022లో లెక్క తేల్చారు. మొరాకోలోని జెబెల్ ఇర్హూద్ ఎముకలు ఇంకా పాతవి, దాదాపు 3 లక్షల ఏళ్ళు. మధ్యలో మనవాళ్ళు నియాండర్తాల్ అనే, ఇప్పుడు అంతరించిపోయిన మరో రకం మనుషులతోనూ కలిశారు. ఆఫ్రికా బయట ఉన్న ఎవరిలోనైనా వాళ్ళ అంశ ఒకటి రెండు శాతం ఉంటుంది, మనలోనూ ఉంది. ఆ సంగతి కనిపెట్టిన శాస్త్రవేత్త స్వాంటే పాబోకు 2022లో నోబెల్ ఇచ్చారు. దాన్ని పట్టుకుని "చూశారా, ఒకే మూలం కాదు" అనేవాళ్ళున్నారు. మా కుందూ నదిలో దారి పొడవునా వాగులు వచ్చి కలుస్తాయి. దాన్ని కుందూ అనే అంటాం కదా.

మా ప్రాంతం వాణ్ణి కాబట్టి జ్వాలాపురం సంగతి చెప్పకుండా ఉండలేను. మా ఊరికి దగ్గరే. సుమారు 74,000 ఏళ్ళ కిందట సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలితే ఆ బూడిద సముద్రం దాటి వచ్చి మా జుర్రేరు లోయలో పడింది. కొన్నిచోట్ల ఆ పొర ఇప్పటికీ మనిషి ఎత్తు ఉంది. తెల్లగా, పిండిలా, వేళ్ళ మధ్య రాస్తే గరగరలాడుతుంది. మైకేల్ పెట్రాగ్లియా, ధార్వాడ్ నుంచి వచ్చిన రవి కోరిశెట్టర్ వాళ్ళ బృందం అక్కడ తవ్వి 2007లో ప్రకటించింది: బూడిద కింద రాతి పనిముట్లున్నాయి, బూడిద పైనా దాదాపు అలాంటివే ఉన్నాయి. ఆకాశం నల్లబడి బూడిద రాలినా ఇక్కడి మనుషులు నిలబడ్డారన్నమాట. వాళ్ళు మనలాంటి మనుషులా, అంతకు ముందరి రకమా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. నా మటుకు నాకు వాళ్ళు మనవాళ్ళే. నా బాధల్లా, అంత అపురూపమైన బూడిదను గిన్నెలు తోమే పొడి కోసం తవ్వి అమ్ముకున్నారు. ఇంకో దేశంలో అయితే చుట్టూ కంచె వేసి, బోర్డు పెట్టి, బడి పిల్లల్ని బస్సుల్లో తెచ్చి చూపించేవాళ్ళు.

రంగు గురించి ఒక్క ముక్క చెప్పి ముందుకెళతాను. అది ఎండను బట్టి వచ్చింది. ఎండ ఎక్కువున్న చోట నలుపు చర్మం కాపాడుతుంది, తక్కువున్న చోట తెలుపు చర్మం విటమిన్ డి తయారుచేసుకోవడానికి వీలిస్తుంది. మొత్తం డీఎన్ఏలో ఏ ఇద్దరు మనుషులకైనా సుమారు 99.9 శాతం ఒకటే.

ఇక కులాల సంగతి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్ళు, లాల్జీ సింగ్, తంగరాజ్, అమెరికా వాళ్ళతో కలిసి 2009లో 25 జనసమూహాల నుంచి 132 మంది డీఎన్ఏ చూశారు. తర్వాత 2013లో 73 సమూహాలు చూశారు. తేలిందేమిటంటే, సుమారు 4,200 ఏళ్ళ నుంచి 1,900 ఏళ్ళ కిందటి వరకు ఈ దేశంలో జనం విరివిగా కలిసిపోయారు. ఉత్తరం, దక్షిణం, ఈ కులం, ఆ కులం అని లేదు, అందరిలోనూ ఆ కలయిక ఉంది. ఆ తర్వాతే కులం బయటి పెళ్ళిళ్ళకు తలుపులు మూసుకున్నాయి. ఆఫ్రికాలో మొదలైన 3 లక్షల ఏళ్ళ ప్రయాణంలో ఇది నిన్న సాయంత్రం జరిగిన పని.

ఆ తలుపును అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా వేసుకున్నవాళ్ళలో మావాళ్ళున్నారు. 2009 పరిశోధనలో వైశ్యుల పేరు విడిగా వస్తుంది. వంద తరాలకు పైగా కొద్దిమంది నుంచే పెరిగిన జనం, తరానికి బయటి నుంచి వచ్చి కలిసినవాళ్ళు ముప్పైమందిలో ఒకరి కంటే తక్కువ. ఇప్పుడు మేం లక్షల్లో ఉన్నాం. మొదట ఉన్నవాళ్ళు గుప్పెడుమంది. వాళ్ళలో ఎవరో ఒకరిలో ఉన్న చెడ్డ ప్రతి ఒకటి మా అమ్మ దాకా, మా నాన్న దాకా నడిచి వచ్చింది. చిన్నప్పుడు మా నాన్నమ్మ పెనుగొండ వాసవమ్మ కథ చెప్పేది. అమ్మవారితో పాటు 102 గోత్రాల వాళ్ళు అగ్నిగుండంలో దిగారని, మిగిలినవాళ్ళు చెదిరిపోయారని. కాలం లెక్క కలవదని నాకు తెలుసు. అయినా కొద్దిమందిమే మిగిలాం అనే జ్ఞాపకం ఏదో ఆ కథలో దాగి ఉందని నా గట్టి నమ్మకం.

ఇది మా ఒక్కరి సంగతి అనుకోకండి. 2017 పరిశోధనలో 263 సమూహాలు చూస్తే 81 సమూహాలు ఇలాగే గుప్పెడుమంది నుంచి వచ్చినవి, ఇందుకు పేరుపడ్డ ఫిన్లాండ్ వాళ్ళకంటే, యూరప్ మూలాలున్న అష్కెనాజీ యూదుల కంటే తీవ్రంగా. వాటిలో 14 సమూహాలు పది లక్షల మందికి పైగా ఉన్నవే. ఏ కులంలో ఏ జబ్బు దాక్కుని ఉందో ఇంకా చూసినవాళ్ళు తక్కువ.

పైగా మేనరికాలు. మా నాన్న చేసుకున్నది సొంత అక్క కూతుర్ని. మా నాన్నమ్మే మా అమ్మకు అమ్మమ్మ. ఒకే ముసలావిడ నాకు రెండు చోట్ల కూర్చుంది. మామూలుగా లెక్క వేస్తే ఇద్దరు తల్లిదండ్రులు, నలుగురు తాతలు నాన్నమ్మలు, ఎనిమిది మంది, పదహారు మంది అని పెరుగుతూ పోవాలి. ముప్పై తరాలు, అంటే సుమారు రుద్రమదేవి ఓరుగల్లు ఏలిన కాలానికి, ఒక్కొక్కరికి 107 కోట్ల మంది పూర్వీకులు ఉండాలి. అప్పుడు లోకం మొత్తం కలిపినా 50 కోట్ల మంది లేరు. కాబట్టి ప్రతి ఒక్కరి వంశవృక్షంలోనూ ఒకే మనుషులు పదే పదే వస్తున్నారు. నా వృక్షంలో ఉన్నవాళ్ళు మీ వృక్షంలో లేరని ఎవరైనా ప్రమాణం చేసి చెప్పగలరా? మా కొట్టులో జాకెట్టు గుడ్డ ముక్క మీద ఈ లెక్క వేసి చూపిస్తే, నాతో ఎప్పుడూ గోత్రాల గురించి వాదించే ఒక పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు.

ఇక్కడ నా మనసులో ఉన్న కోపం చెప్పుకోవాలి. మా అబ్బాయి ఉద్యోగానికి హైదరాబాద్ వెళితే గది కోసం పదకొండు ఇళ్ళు చూశాం. తొమ్మిది చోట్ల "మీరేమిట్లు?" అని అడిగారు. మీ ఇంట్లో అద్దెకుండే కుర్రాడి కులంతో మీకేం పని? మా ఇంటి వెనక వీధిలో ఇద్దరు పిల్లలు ఇష్టపడి పెళ్ళి చేసుకుంటే రెండేళ్ళు ఊళ్ళోకి రానివ్వలేదు. అవసరం లేని ప్రతి చోటా కులం అడిగే మనుషులు, ప్రాణం మీదికొచ్చే ఆ ఒక్కచోట అడగడం మరిచిపోయారు. ఆసుపత్రి ఫారంలో "ఇంతకు ముందు మీ ఇంట్లో ఎవరికైనా మత్తు పడలేదా? తల్లిదండ్రులు రక్తసంబంధీకులా?" అని రెండు ప్రశ్నలు అచ్చు వేయడానికి ఎంత ఖర్చవుతుంది? దాని గురించి మా సంఘం మీటింగులో మాట్లాడితే, మన కులానికి జబ్బు ఉందని బయట చెబితే పిల్లలకు సంబంధాలు రావు అన్నారు. జబ్బును దాస్తే సంబంధాలు వస్తాయి సరే, ఆ సంబంధంలోంచే కదా జబ్బు మళ్ళీ పుట్టేది! ఆ రోజు మీటింగులోంచి లేచి వచ్చేశాను.

ఆ రాత్రి పుట్టిన పాప ఇప్పుడు పదో తరగతి, సెంట్రల్ సిలబస్. మొన్న వచ్చి "మామా, మనుషులు ఎలా పుట్టారో మా పుస్తకంలో లేదు" అంది. నిజమే, పరిణామం పాఠాన్ని పదో తరగతి నుంచి తీసేశారు. పిల్లలకు బరువు తగ్గించడానికట. ఈ ఒక్క పాఠమే దొరికిందా బరువు తగ్గించడానికి? దాన్ని కూర్చోబెట్టి మాయ సంగతి, బూడిద సంగతి అన్నీ చెప్పాను. తన మాయ ఎక్కడుందని అడిగింది. పెరట్లో కొబ్బరిచెట్టు పక్కన, ఆ తెల్లవారే మా నాన్న పాతిపెట్టిన చోటు చూపించాను. చాలాసేపు అక్కడే నిలబడింది.

వైశ్యులు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ ఎంజైమును కొలిచే సూడోకోలినెస్టరేజ్ అనే రక్తపరీక్ష ఉంది, ఆపరేషన్ పడకముందే చేయించుకోండి. మా ఇంట్లో అందరికీ చేయించాం. మా తమ్ముడికి చెల్లెలిలాగే ఎంజైము దాదాపు లేదు. నాకూ పాపకూ సగం ఉంది. ముగ్గురికీ, చెల్లెలికీ, "ఈ మందు ఇవ్వకూడదు" అని ఎర్ర సిరాతో రాయించి లామినేషన్ చేయించిన కార్డులున్నాయి. పాప తన కార్డు బడి సంచిలో జామెట్రీ బాక్సు కింద పెట్టుకుంటుంది. పోయిన దసరాకు ముక్కు కుట్టించుకుంది, ముక్కుపుడక దానికే ఇచ్చారు. అరిగిన మర మార్పిద్దామని కంసాలి దగ్గరికి తీసుకెళితే, ఇంత పాతది కదిపితే రాళ్ళు ఊడతాయి, అలాగే ఉండనీయండి అన్నాడు.